372 మార్కుల మెమో: కంచరపాలెం అక్క కేసు

ఈ కేసు రాస్తానని మా వాళ్ళకి మాటిచ్చి చాన్నాళ్ళయింది, అక్క కూడా "రాయండి బాబు, పేరు మాత్రం వద్దు" అంది, కాబట్టి ఇక్కడ ఆవిడ అక్క, అంతే. నేను చేసే పని గురించి రెండు ముక్కలు: వైజాగ్‌లో కంచరపాలెం, ఊర్వశి జంక్షన్, మర్రిపాలెం చుట్టుపక్కల బస్తీల్లో చదువు తక్కువున్నవాళ్ళకి ఏ గవర్నమెంటాఫీసులో ఏ చిన్న పోస్టు పడింది, దానికి ఏ కాయితాలు కావాలి అని చూసి అప్లికేషన్ పెట్టించడం. ఉద్యోగం ఇప్పించడం కాదు, ఆ తేడా నా దగ్గరికొచ్చే ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్తాను, సగం మంది నమ్మరు, "అలాగే అంటారు గానీ ఎంతవుద్దో చెప్పండి" అంటారు.

అక్క వచ్చింది 2023 ఫిబ్రవరిలో. అప్పటికి నలభై నిండి ఆర్నెల్లు. కొండవాలు మీద రెండు గదుల ఇల్లు, భర్త ఆటో తోలేవాడు, నడుం డిస్కు జారి ఇంట్లో ఉన్నాడు, కొడుకు ఐటీఐ, కూతురు ఇంటర్. అక్క రెండు అపార్ట్‌మెంట్లలో పాచిపనికెళ్తే నెలకి ఆరున్నర వేలు. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కాయితం ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో, పర్మనెంట్ స్వీపర్‌గా సెలక్ట్ అయ్యారు అని ఉంది అందులో, పైన మూడు సింహాలు, కింద కమిషనర్ సంతకం. రెండున్నర లక్షలకి బేరం, చీటీ పాడి ఇరవై వేలు అడ్వాన్స్ ఇచ్చేసింది కూడా. ఇచ్చింది ఎవరికయ్యా అంటే వరసకి మరిది అయ్యేవాడికి.

ఇలాంటి లెటర్లు నేను ఇప్పటికి చాలా చూశాను, కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్ళ కోసం ఇది ఎలా పట్టుకోవాలో చెప్తాను. సంతకం అసలుదా నకిలీదా అని చూస్తూ కూర్చోవద్దు, అది మనకి తెలీదు. మొదట ఆర్‌సీ నంబర్ చూడండి, మన ఆఫీసుల్లో ఏ ఉత్తరమైనా ఒక ఫైలు నంబరు, తేదీతో మొదలవుద్ది, దీంట్లో ఆ లైనే లేదు. రెండోది సీలు, స్టాంపు ప్యాడ్ ఇంకు అయితే వెనకవైపు కొంచెం దిగుద్ది, తడి వేలితో రుద్దితే చెదురుద్ది, ఇది కలర్ జిరాక్స్, తళతళా మెరిసిపోతోంది. అసలు ఇవేమీ చూడక్కర్లేదు, "పర్మనెంట్ స్వీపర్" అన్న ఒక్క మాట చాలు. మున్సిపాలిటీల్లో కొత్తగా పారిశుధ్యం పనికి తీసుకునేది చాలావరకు అవుట్‌సోర్సింగ్‌లోనే, 2020 జులై నుంచి ఆ జీతాలన్నీ ఆప్కాస్ అనే గవర్నమెంటు అవుట్‌సోర్సింగ్ కార్పొరేషన్ ద్వారా నడిచాయి, నోటిఫికేషన్ లేదు, పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, నేరుగా పర్మనెంట్ ఆర్డర్ ఎవరిస్తారండీ.

ఈ మాట అక్కకి చెప్తే ఏడవలేదు, కోప్పడలేదు, కాయితం మళ్ళీ అవే మడతలు పెట్టి కవర్లో పెట్టేసుకుంది. పోలీసు కంప్లయింట్ పెడదామంటే ఒప్పుకోలేదు, "మా ఆడపడుచు ఇంట్లో గొడవైపోద్ది బాబు, వద్దు" అంది. ఆ ఇరవై వేలలో తర్వాత తర్వాత ఏడు వేలు వచ్చాయి, మిగతావి రాలేదు. నేను ఆ విషయంలో ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సిందేమో, ఇప్పటికీ నాకు తేల్చుకోలేని సంగతి అది.

సరే, ఇప్పుడు అసలు పని. "మీరేం చదివారక్కా" అంటే "నాకు సదువేటుంది బాబు, పదితో ఆపీసారు" అంది. పాసయ్యారా? "పాసే." ఎన్ని మార్కులు? గుర్తులేదంది. మర్నాడు మెమో తెచ్చింది, ట్రంకుపెట్టె అడుగున పెళ్ళి శుభలేఖతో పాటు ఉందట, అంచులు పసుపుపచ్చగా అయిపోయాయి గానీ అంకెలు బాగానే ఉన్నాయి. 1998 మార్చి. 600కి 372. ఫస్ట్ క్లాస్ అది! పాతికేళ్ళుగా నాకు చదువు లేదు నాకు చదువు లేదు అని చెప్పుకుంటూ అంట్లు తోముతున్న మనిషిది. "దానికి పాతికేళ్ళయిపోనాది, అదింక చెల్లుద్దేటి?" అని అడిగింది. చెల్లడమే కాదు, పాతదవడమే దాని బలం, ఎలాగో చెప్తాను.

ముందు మేం ఏ ఏ దారులు చూసి వదిలేశామో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే జనం ఎక్కువ టైం పోగొట్టుకుంటారు. అందరికీ తెలిసిన తలుపు ఒక్కటే, ఆశీల్‌మెట్ట దగ్గర జీవీఎంసీ ఆఫీసు. అక్కడికెళ్ళి ఎవరినో ఒకళ్ళని పట్టుకుంటే పని అవుద్దని. పబ్లిక్ హెల్త్ వర్కర్, అంటే పారిశుధ్యం పనికి చదువు అడగరు నిజమే, కానీ దానికి రోజూ నోటిఫికేషన్ పడదు, ఖాళీ ఎప్పుడొస్తుందో బయటి మనిషికి తెలీదు, సరిగ్గా ఆ తెలీకపోవడంలోనే బ్రోకర్లు బతుకుతారు. వార్డు సచివాలయం చూద్దామా అంటే 2019 అక్టోబర్ 2న మొదలైనప్పుడు తీసిన పోస్టులు దాదాపు అన్నీ డిగ్రీకీ డిప్లొమాకీ, తక్కువ చదువంటే ఐటీఐతో ఎనర్జీ అసిస్టెంట్, ఏఎన్ఎం ట్రైనింగ్ ఉంటే హెల్త్ సెక్రటరీ, అక్కకి రెండూ లేవు. అంగన్‌వాడీ? అక్కడ జీతం కార్యకర్తకి 11,500, ఆయాకి 7 వేలు, పెళ్ళైన స్థానికురాలు కావాలి, అదంతా సరిపోయింది గానీ వయసు 21 నుంచి 35, అక్కడ ఆగిపోయాం. ఆశా వర్కర్‌కి 45 దాకా ఛాన్సుంది గానీ ఆవిడ వార్డులో ఖాళీ లేదు. బడిలో ఆయా పని ఉంది, పేరెంట్స్ కమిటీ పెట్టుకుంటుంది, 6 వేలు, అంటే ఇప్పుడొస్తున్న దానికన్నా తక్కువ. జిల్లా కోర్టుల్లో ఆఫీస్ సబార్డినేట్‌కి ఏడో తరగతి చాలు, జీతం మంచిది, అసలైన గవర్నమెంటు స్కేలు, కానీ కంప్యూటర్ మీద రాత పరీక్ష. అక్క మౌస్ పట్టుకుని చూసి "ఇది జారిపోతంది" అని వదిలేసింది. నేను నేర్పిస్తానన్నాను, ఆవిడకి పొద్దున్న అయిదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా ఖాళీ లేదు, ఎప్పుడు నేర్చుకుంటుంది.

మిగిలింది ఆస్పత్రులు. వైజాగ్‌లో గవర్నమెంటు ఆస్పత్రులు ఎన్నున్నాయో లెక్కేసుకోండి, కేజీహెచ్, విమ్స్, ఘోషాసుపత్రి, చినవాల్తేరు మెంటల్ కేర్, కంటాసుపత్రి, ఛాతీ ఆసుపత్రి, అవికాక అర్బన్ హెల్త్ సెంటర్లు. వీటిల్లో జనరల్ డ్యూటీ అటెండెంట్, దాన్ని జీడీఏ అంటారు, లాస్ట్ గ్రేడ్ సర్వీసెస్, దాన్ని ఎల్‌జీఎస్ అంటారు, ఈ రెంటికీ పదో తరగతి చాలు, రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, అంతా మార్కుల లెక్క. నోటిఫికేషన్ జిల్లా వెబ్‌సైట్‌లో నోటీసుల్లో రిక్రూట్‌మెంట్ అన్న చోట పడుద్ది, అప్లికేషన్ ఫారం ప్రింట్ తీసుకుని, నింపి, డీడీ కట్టి, ఆఫీసుకెళ్ళి చేత్తో ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి, గడువు వారమో పది రోజులో. నా అనుభవంలో ఇలా చేత్తో ఇవ్వాల్సిన వాటికే మన బస్తీవాళ్ళకి కాస్త ఛాన్సు ఎక్కువ, ఫోన్లో నొక్కేసేవైతే రాష్ట్రమంతా నొక్కేస్తుంది.

మార్కుల లెక్క ఇదీ. మొత్తం 100. అందులో 75 పదో తరగతి మార్కుల శాతం మీద. 10 మార్కులు పాసైనప్పటి నుంచి ఏడాదికి ఒకటి చొప్పున. మిగతా 15 గవర్నమెంటులో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ పనిచేసిన వాళ్ళకి, ఆర్నెల్లకి గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర, పల్లెలో రెండు, టౌన్లో ఒకటి. అక్కకి 62 శాతం, అంటే 75లో 46.5. పాసై పాతికేళ్ళు, కాబట్టి 10కి 10. మొత్తం 56.5. మొన్న మొన్న పాసైన కుర్రాడు 70 శాతం తెచ్చుకున్నా వాడికి 52.5, మీద ఒకటో రెండో, అంటే అక్క కన్నా కిందే. ఈ లెక్క కాయితం మీద వేసి చూపిస్తే అక్క చాలాసేపు చూసి "అంటే నేను ముసల్దాన్నయినందుకు పది మార్కులేటి" అని నవ్వింది. మా ఆఫీసులో ఆవిడ నవ్వడం అదే మొదలు.

కోవిడ్ డ్యూటీకి వేరే వెయిటేజీ ఉండేది, ఆర్నెల్లు చేస్తే 5 మార్కులు. అక్క 2021 సెకండ్ వేవ్‌లో ఒక కోవిడ్ సెంటర్లో క్లీనింగ్ చేసింది, నాకు ఆశ పుట్టింది, ఆ పెట్టుకున్న మేస్త్రీని పట్టుకోవడానికి మూడు వారాలు తిరిగాం, తీరా చూస్తే చేసింది నాలుగు నెలలు, ఆర్నెల్లు నిండకపోతే సున్నా. మూడు వారాలు దండగ. ముందే ఎన్ని నెలలు చేశావని అడిగుంటే పోయేది.

మొదటి అప్లికేషన్ మే నెలలో, ఒక ఆస్పత్రిలో జీడీఏ పోస్టులకి. కుల సర్టిఫికెట్ దగ్గర చిన్న గొడవైంది, సచివాలయంలో ఉన్న కుర్రాడు భర్త వివరాలు పెట్టి అప్లై చేశాడు, అలా కాదమ్మా, ఆడవాళ్ళకి కులం పుట్టింటి నుంచి వస్తుంది, పెళ్ళితో మారదు, తండ్రి వివరాలు పెట్టాలి అని మళ్ళీ చేయించాం. బీసీ-ఏ. అది రావడానికే టైం దగ్గరపడిపోయింది. ఆఖరి రోజు నేను ఊళ్ళో లేను, మా పెద్దమ్మ కూతురి పెళ్ళికి పాలకొండ వెళ్ళాను. అక్క నెట్ సెంటర్లో ఫారం నింపించుకుని, ఉన్న కాయితాలన్నీ పిన్ను కొట్టించి, కేజీహెచ్ కింద నుంచి ఎండలో నడుచుకుంటూ వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. రసీదు ఫోటో పెట్టింది నాకు, నేను పెళ్ళి భోజనం చేస్తూ బొటనవేలు బొమ్మ పంపాను.

జులైలో ప్రొవిజనల్ మెరిట్ లిస్ట్ వచ్చింది. అక్క పేరు ఉంది, 56.5 ఉంది, పక్కన నాన్‌లోకల్ అని ఉంది. "నేను పుట్టిందే ఇక్కడ కదా బాబు" అంటుంది అక్క, ఆధార్ చూపిస్తుంది, రేషన్ కార్డు చూపిస్తుంది. అవేవీ పనికిరావు. గవర్నమెంటు ఉద్యోగంలో లోకల్ అంటే ఎక్కడ పుట్టావు, ఎక్కడ ఉంటున్నావు అని కాదు, ఎక్కడ చదివావు అని. 1975 నాటి ప్రెసిడెన్షియల్ ఆర్డర్ అది. అప్పటి లెక్కలో జిల్లా స్థాయి చిన్న పోస్టుల్లో నూటికి 80 లోకల్ వాళ్ళకే, మిగతా 20లోనే అందరూ కొట్టుకోవాల్సి వచ్చేది.

జరిగిందేమిటంటే, అక్క ఏడో తరగతి దాకా కంచరపాలెంలోనే చదివింది, 1995లో నాన్న పోయాక వాళ్ళమ్మ పుట్టిల్లు ఎస్.కోట వెళ్ళిపోయారు, ఎనిమిది తొమ్మిది పది అక్కడ జెడ్పీ హైస్కూల్లో. ఎస్.కోట విజయనగరం జిల్లా. నోటిఫికేషన్‌లో నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అని స్పష్టంగా ఉంది, నెట్ సెంటర్ వాడు "పది చదివిన స్కూలుది చాలు ఆంటీ" అన్నాడట, ఎస్.కోటది ఒక్కటే పెట్టారు. కాయితాల మీద ఉన్నది చూసి ఆఫీసువాళ్ళు విజయనగరం లోకల్ కింద లెక్కేశారు, వాళ్ళ తప్పేం లేదు. తప్పు నాది. ఫోటోలో రసీదు చూశాను గానీ ఏమేం జతచేశారో అడగలేదు.

నాలుగు నుంచి పది దాకా ఎందుకు అడుగుతారో చాలామందికి తెలీదు, ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఊరు మారిన ఆడపిల్లలందరికీ ఇది పనికొస్తుంది. మొదటి రూలు, పదో తరగతితో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఒకే జిల్లాలో చదివితే ఆ జిల్లా లోకల్. ఏడు నుంచి పది అన్నమాట. అక్కకి ఎనిమిది నుంచే ఎస్.కోట కాబట్టి ఆ రూలు ఏ జిల్లాకీ సరిపోదు. అప్పుడు రెండో రూలు, ఏడేళ్ళు తీసుకుని అందులో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. నాలుగు, అయిదు, ఆరు, ఏడు కంచరపాలెం, అంటే నాలుగేళ్ళు. ఎనిమిది, తొమ్మిది, పది ఎస్.కోట, మూడేళ్ళు. నాలుగుకి మూడు, విశాఖపట్నం లోకల్! ఒక్క ఏడాది తేడా. నాన్న ఇంకో ఏడాది ముందే పోయుంటే అటు తిరిగేది లెక్క. ఈ ముక్క అక్కతో అనలేదు.

లిస్టు మీద అబ్జెక్షన్ పెట్టుకోవడానికి మూడు రోజులిచ్చారు, మూడు రోజుల్లో పాతికేళ్ళనాటి సర్టిఫికెట్ తేలేకపోయాం. ఆ పోస్టు పోయింది. కానీ అక్క ఆగలేదు, ఆ మర్నాడే "బడికెళ్దాం రండి" అని ఫోన్ చేసింది.

ఆరు, ఏడు తరగతులది తొందరగానే దొరికింది. నాలుగు, అయిదు చదివిన ప్రైమరీ స్కూలు దగ్గరే ఇబ్బంది వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఓపికున్న మనిషి, బీరువా మొత్తం కింద పెట్టించారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ గది కిటికీ రెక్కలు ఎగిరిపోయి నీళ్ళు లోపలికి కొట్టేశాయట, అడుగు అరలో రిజిస్టర్లు తడిసి తర్వాత ఎండి ఒక్కొక్కటీ ఇటుకలా అయిపోయాయి. 1988 అడ్మిషన్ రిజిస్టర్ అందులోదే. మేడమ్ గారు స్టీలు స్కేలు తీసుకుని, పేజీకీ పేజీకీ మధ్య దూర్చి, దోసె అంచు లేపినట్టు మెల్లగా లేపడం మొదలెట్టారు. ఒక పేజీ చిరిగింది, అక్క ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. గంటన్నర పట్టింది. నీలం ఇంకు పాకిపోయి కొన్ని పేర్లు మబ్బులా ఉన్నాయి, అక్క వాళ్ళ నాన్న పేరు మాత్రం శుభ్రంగా ఉంది, వృత్తి అన్న చోట కలాసీ అని రాసుంది. అక్క ఆ మాట మీద వేలు పెట్టి "ఇది ఆయనే చెప్పి రాయించుంటాడు" అంది.

అక్క పేరులో మాత్రం ఒక అక్షరం లేదు. చేర్పించిన రోజు ఎవరో వాడుక పేరు రాసేశారు. మేడమ్ గారు "రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టే ఇస్తానండీ, అక్షరం కలపలేను" అన్నారు, ఆవిడ చెప్పింది న్యాయమే, అలా కలిపితే రేపు వెరిఫికేషన్‌లో ఆవిడ మెడకి చుట్టుకుంటుంది. అలాగే తీసుకుని, స్టాంపు పేపరు మీద ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ అఫిడవిట్ చేయించి జతపెట్టాం. పనిలో పనిగా ఆధార్‌లో ఉన్న అత్తింటి ఇంటిపేరు, మెమోలో ఉన్న పుట్టింటి ఇంటిపేరు కూడా అందులోనే రాయించాం. కంచరపాలెం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు కూడా మళ్ళీ చేయించాను. పెళ్ళికి ముందు ఒకసారి చేయించుకుందట, మూడేళ్ళకోసారి రెన్యువల్ చెయ్యాలని ఎవరూ చెప్పలేదు. కార్డు వల్ల ఈ కేసులో ఒరిగిందేమీ లేదు, నిజం చెప్పాలంటే.

రెండో నోటిఫికేషన్ నవంబర్‌లో పడింది, అర్బన్ హెల్త్ సెంటర్లలో ఎల్‌జీఎస్, పోస్టులు కొద్దే. ఈసారి కాయితాలు నేనే వరసగా పెట్టి, ప్రతి జిరాక్స్ మీద గెజిటెడ్ సంతకం చేయించి, పైన ఇండెక్స్ రాసి ఇచ్చాం. గెజిటెడ్ సంతకాల కోసం రెండు రోజులు తిరిగాం. ఒకాయన "మీరెవరో నాకు తెలీదు" అన్నాడు, తెలిసినవాళ్ళకే పెడితే మరి ఆ సంతకం దేనికో.

డిసెంబర్ 26 నుంచి రాష్ట్రమంతా మున్సిపల్ వర్కర్ల సమ్మె మొదలైంది, జనవరి రెండో వారం దాకా సాగింది. వీధుల్లో చెత్త పేరుకుపోయింది, అప్పుడు ఎవరో అక్కని అడిగారు, రోజుకూలికి చెత్త ఎత్తడానికి వస్తావా, సమ్మె అయ్యాక నిన్నే ఉంచేస్తారు అని. డబ్బు అవసరం, పండగ ముందు. నన్నడిగింది. నేను రెండే చెప్పాను, ఆ పది రోజుల పనికి ఏ ఆర్డరూ ఉండదు కాబట్టి వెయిటేజీలో లెక్కలోకి రాదు, సమ్మె అయ్యాక ఆ పోస్టుల్లో ఉండేది ఆ మనుషులే. చివర్లో వాళ్ళ జీతం హెల్త్ అలవెన్సు 6 వేలతో కలిపి 21 వేలు లెక్కన ఒప్పందమైంది. అక్క వెళ్ళలేదు, నా మాట వల్ల కాదు, వాళ్ళ వీధిలో నలుగురు సమ్మెలో ఉన్నారు, వాళ్ళ మొహం ఎలా చూడాలని.

ఫిబ్రవరిలో లిస్టు. లోకల్. బీసీ-ఏ. 56.5. కానీ అక్క పైన ఇంకొకామె ఉంది, ఆ రోస్టర్‌కి, అంటే రిజర్వేషన్ వరసలో ఆ స్థానానికి, పోస్టు ఒక్కటే. నేనైతే రాదనుకున్నాను, ఆ మాట అక్కతో చెప్పేశాను కూడా, ఇంకో నోటిఫికేషన్ చూద్దాం అన్నాను. ఎన్నికల కోడ్ ఏ రోజైనా పడుద్దని అందరూ అంటున్నారు, పడితే ఆర్డర్లు ఆగిపోతాయి. సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు పై ఆమె రాలేదు. ఎందుకు రాలేదో తెలీదు, బహుశా ఇంకెక్కడో మంచిది వచ్చుంటుంది. మధ్యాహ్నం మూడున్నరకి అక్క పేరు పిలిచారు. క్లర్కు గారు అఫిడవిట్ చదివి, స్టడీ సర్టిఫికెట్లన్నీ పక్కపక్కన పెట్టి, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు, నాలుగు, మూడు, సరే అన్నారు.

మార్చి 11 సోమవారం జాయినింగ్. కోడ్ మార్చి 16న వచ్చింది. అయిదు రోజులు.

జీతం 15 వేలు, అందులో పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోగా చేతికి 13,087. పర్మనెంట్ కాదు, అవుట్‌సోర్సింగే, ఇది దాచి చెప్పకూడదు, మొదటి రోజు నుంచీ అక్కకి చెప్తూనే ఉన్నాను. మొదటి జీతం రెండు నెలలు ఆలస్యమైంది, ఆ రెండు నెలలూ సాయంత్రం పూట ఒక అపార్ట్‌మెంట్ పని వదల్లేదు. పని ఏంటంటే పొద్దున్నే సెంటర్ తెరవడం, తుడవడం, ఓపీ చీట్ల దగ్గర లైన్ చూడటం, టీకాల రోజు పిల్లల్ని పట్టుకోవడం. పక్కింటావిడకి ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పది కట్టించమని నా మీద పడింది, పద్నాలుగేళ్ళు నిండితే చాలు ఎంత వయసువాళ్ళైనా కట్టొచ్చు కాబట్టి ఆవిడ ఫైలు కూడా తెరిచాను, అది వేరే కథ.

ఈ కేసులో ఆఖరి పని పీఎఫ్ దగ్గర మిగిలింది. ఆర్డరు మెమోలో పేరుతో ఉంది, బ్యాంకు ఖాతా ఆధార్ పేరుతో ఉంది, పీఎఫ్ నంబరుకి ఆధార్‌తో కలవాలి. ఇప్పుడు వదిలేస్తే రేపు మనిషికేమైనా అయినప్పుడు ఇంట్లోవాళ్ళు పీఎఫ్ డబ్బుకీ దాంతో వచ్చే ఇన్సూరెన్సుకీ తిరుగుతూనే ఉంటారు, అలాంటివి రెండు చూశాను. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, అక్క పెళ్ళయిన ఇంటిపేరు పెట్టించుకోవడానికి ఒకటి వాడేసింది. ఇది రెండోది. ఫారం మీద గెజిటెడ్ సంతకం కోసం ఈసారి ఎక్కడికీ తిరగలేదు, వాళ్ళ సెంటర్లో డాక్టరమ్మ గారే గెజిటెడ్, టీ గ్లాసు పక్కన పెట్టి సంతకం పెట్టేశారు.

ఆధార్ సెంటర్లో ఆపరేటర్ టైపు చేసి స్క్రీన్ ఇటు తిప్పాడు, "చూస్కోండమ్మా, ఓకే కొట్టేస్తా". అక్క కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది, వెనకాల లైన్లో జనం విసుక్కుంటున్నారు. సగానికి వచ్చి ఆగింది.

"ఆగండి బాబు, ఒక అక్షరం తక్కువున్నాది."